ఒక్క పనికే పుట్టిన కంప్యూటరు

బల్లమీది కంప్యూటరు ఉత్తరం రాస్తుంది, లెక్కలు కడుతుంది, పాటలు వినిపిస్తుంది. ఓటింగు యంత్రంలో ఇమిడివున్న కంప్యూటరుకు ఓటు లెక్కించడం తప్ప మరొకటి తెలియదు. ఇటువంటి యంత్రాల రూపకల్పనలో తొలి మెట్టు, అది ఏ పని చేయరాదో ముందుగా తేల్చుకోవడమే.

హైదరాబాదులోని ఇసిఐఎల్ 1979లో దీని నమూనాను రూపొందించింది. కరెంటు లేని పల్లెలోనూ పనిచేయాలి గనుక బ్యాటరీ అమర్చారు. అక్షరజ్ఞానం లేనివారికి సైతం అనువుగా గుర్తు పక్కనే మీట పెట్టారు. ఓటరు ఎన్నిసార్లు నొక్కినా నమోదయ్యేది ఒక్క ఓటే. ప్రిసైడింగు అధికారి వద్దనున్న యంత్రభాగం నుంచి అనుమతి లభిస్తే తప్ప మరో ఓటు పడదు. ప్రోగ్రామును తయారీలోనే చిప్‌లో స్థిరపరుస్తామని, ఆపై మార్చే వీలు లేదని ఎన్నికల సంఘం చెబుతోంది.

1982లో కేరళలోని పరవూరులో 50 పోలింగు కేంద్రాల్లో వీటిని తొలిసారి వాడారు. చట్టంలో అవకాశం లేదంటూ 1984లో సుప్రీంకోర్టు ఆ పోలింగును కొట్టివేసింది. ఇంజనీర్ల లెక్కకు అందని అడ్డంకి అది! 1988లో చట్టాన్ని సవరించారు. 2004లో లోక్‌సభ ఎన్నికలు దేశమంతటా యంత్రాలతోనే జరిగాయి.

అయితే చిప్‌లోని ప్రోగ్రాము ఓటరు కంటికి కనిపించదు. తన ఓటు ఎవరికి పడిందన్న సందేహానికి చివరకు కాగితమే సమాధానమైంది. 2013 నాటి సుప్రీంకోర్టు తీర్పు దరిమిలా దశలవారీగా చేర్చిన ముద్రణ పరికరం, గుర్తున్న చీటీని అద్దం వెనుక ఏడు సెకన్లు చూపి పెట్టెలో పడవేస్తుంది.