ముత్తాతకు ఇద్దరు తండ్రులా? పాత కాగితాలు గొడవ పడితే ఏది నమ్మాలి

ఉభయ గోదావరి జిల్లాల్లో పాత భూములున్న ముస్లిం కుటుంబాలకు ఈ తగాదా కొత్తది కాదు. ఇనాం రిజిస్టరులో ముత్తాత ఒకరి కొడుకు. తర్వాత రాయించుకున్న దస్తావేజులో ఇంకొకరి కొడుకు. వాటాల దగ్గరికి వచ్చేసరికి పెద్దనాన్న పిల్లలు ఒక కాగితం, చిన్నాన్న పిల్లలు ఇంకో కాగితం పట్టుకుని కూర్చుంటారు. ఎవరో దొంగ కాగితం పుట్టించారని అనేసే ముందు, ఆ రోజుల్లో పేర్లు ఎలా రాసేవారో చూడాలి. చాలాసార్లు రెండు కాగితాలూ అసలువే అయ్యుంటాయి.

మద్రాసు ప్రభుత్వం 1858లో ఇనాం కమిషన్ వేసింది. భూమి మొదట ఎవరికి ఇచ్చారు, ఇప్పుడు ఎవరి అనుభవంలో ఉంది, అతని వయసెంత, మొదటి ఇనాందారుకు ఏమవుతాడు అని అడిగి రాసుకున్నారు. ఖాజీలు, ఖతీబులు, ముజావర్ల కుటుంబాలకు ఇంతకన్నా పాత వంశ వివరం దొరకడం కష్టమే. కానీ కమిషన్ తేల్చాలనుకున్నది భూమి హక్కును, నసబ్‌ను కాదు. తండ్రి చిన్నప్పుడే పోయి తాత పెంచిన పిల్లవాడికి తండ్రి స్థానంలో తాత పేరే పడి ఉండొచ్చు. చాచా పెంచితే చాచా పేరు.

ఇది చిన్న తేడా కాదు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం తాత బతికుండగానే తండ్రి చనిపోతే, తాతకు వేరే కొడుకులు ఉన్నప్పుడు ఆ మనవడికి విరాసత్‌లో వాటా రాదు. తాత హిబా ఇచ్చి ఉండాలి, లేదా వసియత్ చేసి ఉండాలి. పెంచుకున్న పిల్లవాడికైతే పెంపకం వల్ల నసబ్ రానే రాదు. అంటే రిజిస్టరులో ‘కొడుకు’ అన్న ఒక్క మాట మీద మూడు తరాల వాటా నిలబడి ఉంటుంది. (మసీదు, దర్గా సేవకు ఇచ్చిన ఇనాం సంగతి వేరు. అది వక్ఫ్. మన ముత్తాత ఎవరి కొడుకని తేలినా దాన్ని పంచుకోవడానికి లేదు. ఇనాం పట్టా ఇచ్చినంత మాత్రాన వక్ఫ్ స్వభావం పోదని ఆంధ్రప్రదేశ్ వక్ఫ్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు 1998లోనే చెప్పింది.)

ఇక తేదీలు. సమాధి రాయి మీద హిజ్రీ, రెవెన్యూ లెక్కల్లో ఫస్లీ, దస్తావేజులో ఇంగ్లీషు సంవత్సరం. ఫస్లీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫస్లీ 1270 అంటే 1860 జులై నుంచి 1861 జూన్ వరకు. హిజ్రీ 1277 కూడా దాదాపు అదే ఏడాది. రాయి మీద ఉన్న 1277ను ఎవరైనా ఫస్లీ అనుకుని లెక్క వేస్తే 1867 వస్తుంది. ఏడేళ్లు జారిపోయాయి. 1863లో పుట్టిన బిడ్డకు ‘తండ్రి’ ఎవరో ఆ ఏడేళ్లే మార్చేస్తాయి.

పేర్లదీ అదే కథ. మొహియుద్దీన్ కరణం చేతిలో మొహిద్దీన్ అవుతాడు, ఇంగ్లీషు గుమాస్తా చేతిలో మొయిదీన్ అవుతాడు, ఊళ్లో మాత్రం చినబాబు. ‘షేక్’ అన్నది ఊరు ఊరంతా ఉంటుంది కాబట్టి దాంతో మనిషిని పట్టుకోలేం. ఇలాంటప్పుడు పేరు వదిలేసి భూమి వెంట వెళ్లండి. టైటిల్ డీడ్ నంబరు, సర్వే నంబరు, సరిహద్దు రైతులు అంత తేలిగ్గా మారరు. ఆడవాళ్ల పేర్లు ‘ఫలానా వాని భార్య’ అని మాత్రమే ఉన్నా వదలొద్దు, ఇద్దరు భార్యలున్న ఇంట్లో చిక్కుముడి విడిపోయేది అక్కడే.

వెతికే చోటు విషయంలో కూడా జాగ్రత్త. తణుకు, భీమవరం, నరసాపురం తాలూకాలు 1904 దాకా గోదావరి జిల్లాలో ఉన్నాయి, తర్వాత కృష్ణాలో కలిశాయి, 1925లో పశ్చిమ గోదావరి అయ్యాయి. మీ ఊరి కాగితం ఏలూరులో లేదంటే అసలు లేదని కాదు. కాకినాడ, మచిలీపట్నం కూడా అడగాలి. తార్నాక ఆర్కైవ్స్, చెన్నై ఎగ్మోర్ సరేసరి.

అన్నీ దొరికాక ఏది బరువైనది? బిహార్‌లోని బెతియా సంస్థానం వారసత్వం కేసులో 1983లో సుప్రీంకోర్టు వంశవృక్షాల గురించి చెప్పిన సూత్రాలు మన ఇంటి తగాదాకూ పనికొస్తాయి. ఆ వంశవృక్షం ఎక్కడి నుంచి వచ్చింది, చెప్పినవాడికి ఆ సంగతి తెలిసే వీలుందా, తగాదా మొదలవకముందు రాసిందా తర్వాత రాసిందా అన్నవి చూడాలి. దావా వేయడానికి ముందు నెలలో రాయించిన వంశవృక్షం ఎంత అందంగా ఉన్నా దానికి విలువ తక్కువే. నా దృష్టిలో, ఎవరికీ లాభం లేని సందర్భంలో రాసిన పేరే గట్టిది: నికాహ్ రిజిస్టరులో సాక్షిగా పడిన పేరు, పక్క పొలం దస్తావేజులో సరిహద్దుగా రాసిన పేరు.

కాగితాలతో తేలనప్పుడు ఇక్రార్ ఉంది. 1888లో అలహాబాద్ హైకోర్టు ముందుకు అల్లాహ్‌దాద్ ఖాన్ కేసు వచ్చింది. తాను పెద్ద కొడుకునని ఆయన, కాదు తల్లి వెంట వచ్చిన సవతి కొడుకని అవతలివాళ్లు. జస్టిస్ సయ్యద్ మహమూద్ ఉన్న బెంచి, తండ్రి తన జీవితకాలంలో అతన్ని కొడుకుగా ఒప్పుకున్న తీరును చూసి అతని పక్షాన తీర్పు ఇచ్చింది. అయితే ఒక షరతు: నసబ్ నిజంగా తెలియనప్పుడే ఇక్రార్ పనిచేస్తుంది. ఫలానా వాడి కొడుకని అందరికీ తెలిసినవాడిని ఇంకొకరు ఒప్పుకున్నా చెల్లదు.

ఇంట్లో ఎనభై దాటిన నాయనమ్మలు, పెద్దమ్మలు ఉంటే ముందు వాళ్ల దగ్గర కూర్చోండి. మీ దగ్గరున్న పేరు చెప్పి ‘అవునా’ అని అడగొద్దు. ఎవరి పెళ్లికి ఎవరు వచ్చారు, ఎవరిని ఎవరు ఏ వరసతో పిలిచేవారు అని అడిగి, తేదీ వేసి రాసుకోండి. తర్వాతే ఆర్కైవ్స్‌కు దరఖాస్తు పెట్టండి.