మీకు తెలుసా? చూపు తగ్గకముందే స్కాన్‌లో తెలిసిపోతుంది!

మన కంటి వెనుక ఉండే రెటీనా మందం సుమారు పావు మిల్లీమీటరు. ఆ కాస్తలోనే పది పొరలు! కంటిని తాకకుండానే వాటిని విడివిడిగా చూపించే ఓసీటీ స్కాన్‌ను అమెరికాలోని ఎంఐటీ బృందం 1991లో ప్రకటించింది. అల్ట్రాసౌండ్ శబ్దంతో చేసే పనిని ఇది పరారుణ కాంతితో చేస్తుంది. వయసుతో రెటీనా నడిమి భాగమైన మాక్యులా క్షీణించడం మొదలైతే రెటీనా అడుగున పసుపు రంగు వ్యర్థాలు పేరుకుంటాయి. స్కాన్‌లో అవి చిన్న చిన్న గుట్టల్లా కనిపిస్తాయి. అప్పటికి రోగి పేపరు హాయిగా చదువుకుంటూనే ఉండొచ్చు.

చిక్కల్లా ఇన్ని స్కాన్లు చూసే నిపుణులు చాలకపోవడమే. లండన్‌లోని మూర్‌ఫీల్డ్స్ కంటి ఆసుపత్రి, డీప్‌మైండ్ సంస్థ కలిసి దాదాపు 15 వేల స్కాన్లతో ఒక ఏఐ ప్రోగ్రామ్‌కు శిక్షణ ఇచ్చాయి. ఎవరికి వెంటనే చికిత్స కావాలో తేల్చడంలో అది నిపుణులకు దీటుగా నిలిచిందని 2018లో వెల్లడైంది. 2020 నాటికి ఇంకో మెట్టెక్కారు. ఒక కంట్లో తడి రకం మాక్యులా క్షీణత ఉన్నవారికి ఆరు నెలల్లో రెండో కంటికీ అది వస్తుందేమో అంచనా వేసే ప్రోగ్రామ్ తయారైంది.

అలాగని అన్నీ సవ్యంగా సాగలేదు. మధుమేహం వల్ల రెటీనా దెబ్బతిందేమో ఫొటోల్లో చూసే గూగుల్ ప్రోగ్రామ్‌ను థాయిలాండ్ క్లినిక్‌లలో వాడినప్పుడు, గదిలో వెలుతురు సరిగా కుదరక ఐదింట ఒక ఫొటోను అది తిప్పికొట్టింది. ల్యాబ్ వేరు, క్లినిక్ వేరు!

షుగర్ ఉన్నవారు మాత్రం చూపు బాగానే ఉన్నా ఏడాదికోసారి రెటీనా పరీక్ష చేయించుకోవాలి.