పరదేశమున పని – వీసాపై పేరు

ఉద్దానమువారు పనికై సముద్రము దాటుట క్రొత్త గాదు. పూర్వము కళింగపట్నము, గోపాలపురము రేవులలో ఓడ నెక్కి కూలీలు రంగూను పోయెడివారు. ఓడచార్జీ మేస్త్రీ బయానాగా నిచ్చును. ఆ యప్పు తీరువరకు కూలి యాతని చెప్పుచేతలలో నుండవలసినదే. నేడు కాశీబుగ్గ పరిసరములనుండి పలాసలో రైలెక్కి గల్ఫునకు పోవువారిలో వెల్డర్లు, ఫిట్టర్లు, చేతిపని నేర్చినవారు పెక్కురు. మేస్త్రీ స్థానమున యజమాని వచ్చినాడు.

గల్ఫు దేశములలో పని వీసా యజమాని హామీపై వచ్చును. కావున, జీతమెంతయని యడుగుటకు ముందే, వీసాపై ఎవరి పేరున్నదో, ఏ పని వ్రాసియున్నదో చూచుకొనుడని మేము చెప్పుదుము. వెల్డరుపని యని మాటయిచ్చి కూలి వీసా తెచ్చినచో, అక్కడ చెల్లునది వీసాయే. సందర్శక వీసాపై పనిచేయుట చట్టవిరుద్ధము.

1983 నాటి వలసల చట్టము క్రింద నమోదైన ఏజెంటు పుచ్చుకొనదగిన రుసుము 30,000 రూపాయలు, దానిపై పన్ను, అంతకు మించరాదు. రసీదు తప్పక తీసికొనవలెను. పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు గల్ఫునకు పోవుటకు సాధారణముగా వలసల సంరక్షకాధికారి అనుమతి కావలెను. ఇది వట్టి తిరుగుడని విసుగుకొనువారు కలరు. కాని ఒప్పందపత్రము ప్రభుత్వము కంటబడునది అప్పుడే. దాని నకలొకటి ఇంట తల్లి చేతనో భార్య చేతనో ఉంచి పోవలెను. అక్కడ పాస్‌పోర్టు యజమాని పెట్టెలో పడినను, ఎవరిని నిలదీయవలెనో ఇంటివారికి తెలిసియుండును.