పెళ్లిరోజు డిసెంబర్‌లో, ప్రయాణం అక్టోబర్‌లో

ఈ డిసెంబర్‌కి అమ్మానాన్నల పెళ్లయి 25 ఏళ్లు. నాన్నకి గాలం అంటే పిచ్చి, ఇప్పటికీ ఊరి కాలవ గట్టు కథలే చెప్తారు. అమ్మకి కొండలు, అడవి ఉంటే చాలు. అందుకే హిమాచల్‌లోని తీర్థన్ లోయ ఎంచుకున్నా. టికెట్లు బుక్ చేయబోతూ ఆగిపోయా. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా అక్కడ ట్రౌట్ చేపలు పట్టకూడదు, ఎందుకంటే చలికాలంలోనే అవి గుడ్లు పెడతాయి.

జులై, ఆగస్టుల్లో వానలకి నీళ్లు బురదవుతాయి, కొండచరియలు విరిగిపడతాయి. మార్చిలో జలోరీ కనుమ మీద మంచుంటుంది. అలా లెక్కేస్తే మాకు కుదిరింది అక్టోబర్.

ఢిల్లీ నుంచి మనాలీ బస్సెక్కి ఔట్ దగ్గర దిగితే, బంజార్ మీదుగా గుషైనీ చేరొచ్చు. అక్కడ నది పక్కనే హోమ్‌స్టేలు ఉంటాయి. గాలం వేసే ముందు మత్స్యశాఖ లైసెన్స్ తీసుకోవాలి. 2014లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్క్ కూడా దగ్గరే. అందులోకి పర్మిట్ తీసుకుని నడిచే వెళ్లాలి.

ఇద్దరికీ నచ్చాలంటే రోజుని పంచాలి. ట్రౌట్ ఎక్కువగా పొద్దున్నే, సాయంత్రం పడుతుంది కాబట్టి ఆ టైమ్ నాన్నది, మధ్యాహ్నం అమ్మది. ఒక రోజు మాత్రం పూర్తిగా అమ్మదే. ఆ రోజు జలోరీ నుంచి అడవిలో సెరోల్సర్ సరస్సు దాకా నడక.

చిన్న చేప పడితే చేతులు తడుపుకుని పట్టుకుని, వదిలేయాలి. పొడి చేత్తో పట్టుకుంటే దాని ఒంటి మీది జిగురు పొర పోతుంది.

"డిసెంబర్‌లో కదరా పెళ్లిరోజు?" అంది అమ్మ. కారణం చెప్పా.

"పోన్లే, వాటి పిల్లలూ బతకాలిగా" అంది.