రైఫిల్ స్కోపు ఎంపిక

రైఫిల్ స్కోపు అనగా రైఫిల్‌పై అమర్చే చిన్న దూరదర్శిని. ఇది లక్ష్యాన్ని పెద్దదిగా చూపుతుంది, గురి చూడవలసిన బిందువును దానిలోని క్రాస్ వైర్లతో సూచిస్తుంది. మామూలు తుపాకీలో వెనుక గాడి, ముందు మొన, లక్ష్యం అనే మూడింటినీ కన్ను ఒకేసారి చూడాలి. మూడు వేర్వేరు దూరాలలో ఉన్న వస్తువులు కంటికి ఒకేసారి స్పష్టంగా కనిపించవు. స్కోపులో లక్ష్యం, క్రాస్ వైర్లు ఒకే తలంలో కనబడతాయి కనుక ఈ ఇబ్బంది తీరుతుంది. 300 మీటర్లకు మించిన దూరం నుండి జరిగే వేటను దూరశ్రేణి వేటగా వ్యవహరించడం సాధారణం. అటువంటి వేట కొరకు స్కోపును ఎంచుకొనేటప్పుడు చూడవలసిన అంశాలు ఈ వ్యాసంలో వివరించబడినవి.

భారతదేశంలో చట్టం

భారతదేశంలో వన్యప్రాణుల వేట వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం నిషిద్ధం. వేటకు ప్రయత్నించడం కూడా ఈ చట్టం దృష్టిలో వేటయే. మొదటి షెడ్యూలులోని జంతువును చంపినవారికి 3 నుండి 7 సంవత్సరాల జైలుశిక్ష పడుతుంది. మనుషుల ప్రాణానికి ముప్పు తెచ్చే జంతువు విషయంలోను, పంటలను నాశనం చేసే అడవిపంది వంటివాటి విషయంలోను అటవీ అధికారుల వ్రాతపూర్వక అనుమతితో మినహాయింపు ఉంటుంది. మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో అవని అనే ఆడపులిని 2018 నవంబరులో హైదరాబాదుకు చెందిన షఫత్ అలీ ఖాన్ బృందం కాల్చి చంపింది. ఆ కాల్పు రాత్రివేళ, దగ్గర దూరం నుండి జరిగింది. అధికారిక అనుమతితో సాగిన ఆ చర్య కూడా పెద్ద వివాదానికి దారితీసింది.

0.177 అంగుళాలకు మించని గొట్టం, 20 జౌళ్ళకు మించని శక్తి గల ఎయిర్ రైఫిల్‌కు 2016 నాటి ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు అవసరం లేదు. దీనిని పిట్టలను కొట్టుకొనే అనుమతిగా పలువురు పొరబడుతుంటారు. లైసెన్సు మినహాయింపు తుపాకీకే గాని వేటకు కాదు. నిజాంపేట పరిసరాలలోనే ఉన్న అమీన్‌పూర్ చెరువు 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించబడింది. అక్కడికి వచ్చే పక్షులపై స్కోపు బిగించిన ఎయిర్ రైఫిల్ ఎక్కుపెట్టడం నేరమే. నిజాంపేట వాసులకు చట్టబద్ధంగా గురి సాధన చేసుకొనే చోటు షూటింగ్ రేంజి. గచ్చిబౌలి వైపున సెంట్రల్ యూనివర్సిటీ వద్ద అటువంటి రేంజి ఉన్నది. అయితే ఒలింపిక్ రైఫిల్ పోటీలలో స్కోపు వాడరాదు. హైదరాబాదు క్రీడాకారుడు గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల విభాగంలో కాంస్యం గెలిచినది కటకాలు లేని రంధ్రపు గురితోనే. కనుక దిగువ వివరాలు ప్రధానంగా అమెరికా, న్యూజిలాండ్, నమీబియా వంటి లైసెన్సు వేట ఉన్న దేశాలకు వర్తిస్తాయి.

అంకెల అర్థం

స్కోపుపై 3-9x40 అని వ్రాసి ఉంటే, దాని ఆవర్ధనం 3 రెట్ల నుండి 9 రెట్ల వరకు మార్చవచ్చుననీ, వస్తుకటకం వ్యాసం 40 మి.మీ. అనీ అర్థం. కొనేవారు సాధారణంగా మొదటి అంకెలకే ఆకర్షితులవుతారు. నిజానికి ఆవర్ధనం పెరిగిన కొద్దీ కనిపించే ప్రదేశం కుంచించుకుపోతుంది, చేతి వణుకు కూడా అంతే రెట్లు పెరిగి కనిపిస్తుంది, ఎండవేళ నేలనుండి లేచే వేడిగాలి తెరలు బొమ్మను అల్లాడిస్తాయి. దక్కను వేసవిలో దూరపు రోడ్డును బైనాక్యులర్‌తో చూసినవారికి ఈ సంగతి తెలిసే ఉంటుంది. 400 మీటర్ల దూరపు వేటకు 10 నుండి 12 రెట్లు సరిపోతుంది. కనిష్ఠ ఆవర్ధనం 3 లేదా 4 ఉండటం ముఖ్యం, ఎందుకంటే జంతువు దగ్గరగా ఎదురైతే ఎక్కువ ఆవర్ధనంలో అది స్కోపులో దొరకనే దొరకదు.

వస్తుకటకం వ్యాసాన్ని ఆవర్ధనంతో భాగిస్తే కంటిలోకి చేరే కిరణపుంజం వ్యాసం వస్తుంది. 40 మి.మీ. కటకం 9 రెట్ల వద్ద సుమారు 4.4 మి.మీ., 4 రెట్ల వద్ద 10 మి.మీ. పుంజాన్ని ఇస్తుంది. మసక వెలుతురులో మనిషి కనుపాప రంధ్రం 5 నుండి 7 మి.మీ. వరకు విచ్చుకుంటుంది, వయసుతో ఇది తగ్గుతుంది. జంతువులు తిరిగేది తెల్లవారుజామున, మునిమాపు వేళ కనుక ఈ లెక్క చాలా ముఖ్యం. సంధ్యవేళ ఆవర్ధనం తగ్గిస్తే బొమ్మ ప్రకాశవంతమవుతుంది. గొట్టం లావు 25.4 మి.మీ. బదులు 30 మి.మీ. ఉంటే వెలుతురు ఎక్కువ వస్తుందనేది అపోహ. లావు గొట్టంలో క్రాస్ వైర్లను పైకి క్రిందికి జరిపే వెసులుబాటు పెరుగుతుంది, అంతే.

తూటా పతనం, సవరణ

దూరశ్రేణిలో అసలు సమస్య లక్ష్యం కనబడకపోవడం కాదు, తూటా క్రిందికి జారడం. 100 మీటర్లకు గురి సరిచేసిన .308 రైఫిల్ తూటా 300 మీటర్ల వద్ద సుమారు 40-50 సెం.మీ., 500 మీటర్ల వద్ద ఒకటిన్నర మీటరుకు పైగా దిగువన తగులుతుంది. దీనిని సరిచేయుటకు స్కోపుపైన, ప్రక్కన తిప్పే మరలు ఉంటాయి. వీటి కొలమానాలు రెండు. ఒకటి కోణపు నిమిషం, అనగా డిగ్రీలో 60వ వంతు; ఇది 100 మీటర్ల వద్ద 29 మి.మీ. రెండవది మిల్, 100 మీటర్ల వద్ద 10 సెం.మీ. మరను ఒక్క క్లిక్కు తిప్పితే మొదటి పద్ధతిలో సాధారణంగా పావు నిమిషం, రెండవ పద్ధతిలో 0.1 మిల్, అనగా 100 మీటర్ల వద్ద 1 సెం.మీ. జరుగుతుంది. మెట్రిక్ పద్ధతికి అలవాటుపడినవారికి మిల్ తేలిక. ఏదైనా సరే, క్రాస్ వైర్ల గీతలు, మరలు రెండూ ఒకే కొలమానంలో ఉండాలి. వేరువేరుగా ఉన్న స్కోపులు చవకగా అమ్ముడవుతుంటాయి. వాటితో లెక్క తప్పడం ఖాయం.

క్రాస్ వైర్లు మొదటి నాభీయ తలంలో ఉంటే ఆవర్ధనంతో పాటు గీతలు కూడా పెరుగుతాయి, కాబట్టి కొలత ఎల్లవేళలా సరిగా ఉంటుంది. రెండవ నాభీయ తలంలో ఉంటే గీతల పరిమాణం మారదు, కాని కొలత ఒక్క ఆవర్ధనం వద్ద మాత్రమే, సాధారణంగా గరిష్ఠం వద్ద, సరైనది. మసక వెలుతురులో, తక్కువ ఆవర్ధనంలో, మొదటి రకం గీతలు సన్నబడి కనబడవు.

పారలాక్స్

కన్నును కొద్దిగా ప్రక్కకు జరిపినప్పుడు క్రాస్ వైర్లు లక్ష్యంపై జరిగినట్లు కనిపిస్తే అది పారలాక్స్ దోషం. వేట స్కోపులలో దీనిని సాధారణంగా 100 గజాలకు సరిచేసి పంపుతారు. దూరశ్రేణికి ప్రక్కన సవరణ మర ఉన్న స్కోపు అవసరం. ఇదే కారణాన వేట స్కోపును 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌పై పెడితే బొమ్మ మసకగా ఉంటుంది. స్ప్రింగు ఎయిర్ రైఫిల్ రెండు దిశలలోను కుదుపునిస్తుంది కనుక మంచి స్కోపులు కూడా దానిపై చెడిపోవచ్చు.

దృఢత్వం, బిగింపు

ప్రతి కాల్పుకూ కుదుపు తగిలినా మరలు పెట్టిన చోటనే ఉండాలి. దీనిని పరీక్షించుటకు మరలను పైకి, ప్రక్కకు, క్రిందికి, వెనుకకు సమాన క్లిక్కులు తిప్పి, కాల్చిన తూటాలు చతురస్రంగా పడి మొదటి చోటికే వచ్చాయా అని చూస్తారు. తేమ వలన కటకాలు లోపల మసకబారకుండా గొట్టంలో నత్రజని నింపుతారు. కంటికి, అక్షికటకానికి మధ్య 8 నుండి 10 సెం.మీ. ఎడం లేనిచో కుదుపుకు కనుబొమ చిట్లుతుంది. బిగించే రింగుల విషయంలో పొదుపు చేయడం తగదు; వదులైన రింగుపై ఎంత ఖరీదైన స్కోపైనా వ్యర్థమే.

స్కోపు చేయలేనిది

500 మీటర్లు ప్రయాణించుటకు తూటాకు సుమారు ముప్పావు సెకను పడుతుంది. ఆ వ్యవధిలో జంతువు ఒక అడుగు వేస్తే గుండెకు పెట్టిన గురి కడుపులో తగులుతుంది. గాలివాలును కొలిచే శక్తి స్కోపుకు లేదు. గాయపడిన జంతువు గంటల తరబడి, కొన్నిసార్లు రోజుల తరబడి బాధపడి చనిపోతుంది. పెద్ద జంతువైతే వెదుక్కుంటూ వెళ్ళినవారిపై, లేదా దారిన పోయేవారిపై తిరగబడుతుంది. అందువలన అనుభవజ్ఞులు స్కోపు ఎంత దూరం చూపగలదో కాక, పొలంలో, అలసిన ఊపిరితో, తాము పదికి పదిసార్లు కొట్టగల దూరాన్నే తమ హద్దుగా పెట్టుకుంటారు. చాలామందికి అది 300 మీటర్ల లోపే ఉంటుంది.