రసభరిత మొక్కల చీడలు, తెగుళ్ళు: గుర్తింపు, చికిత్స

కలబంద, రణపాల, జేడ్, ఎడారి గులాబీ వంటి రసభరిత మొక్కలను ఇంట్లో పెంచేవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: “ఆకులు వడలిపోతున్నాయి, ఏ మందు కొట్టాలి?” మందు సంగతి తరువాత. ముందు ఆ మొక్క ఎందుకు వడలిందో తేల్చుకోవాలి. ఈ మొక్కలు వడలడానికి పూర్తిగా విరుద్ధమైన రెండు కారణాలుంటాయి. నీరు చాలకపోవడం ఒకటి. నీరు ఎక్కువై వేర్లు కుళ్ళిపోవడం రెండోది. కుళ్ళిన వేరు నీటిని పీల్చలేదు. అందుకే తడి మట్టిలో ఉన్న మొక్క కూడా దాహంతో ఉన్నట్లే కనిపిస్తుంది. అది చూసి మనం మరో చెంబెడు నీళ్ళు పోస్తాం, మొక్క చనిపోతుంది.

ఆకును వేళ్ళతో నొక్కి చూడండి. ముడతలు పడినా రంగు మారకుండా ఉండి, కుండీ ఎత్తితే తేలికగా అనిపిస్తే అది నీటి కొరత. ఆకు పసుపుపచ్చగా, పారదర్శకంగా మారి, ముట్టుకోగానే ఊడివస్తే కుళ్ళు అని అనుమానించాలి. అప్పుడు మొక్కను కుండీలోంచి తీసి వేర్లు చూడక తప్పదు. ఆరోగ్యంగా ఉన్న వేరు గట్టిగా ఉంటుంది. కుళ్ళిన వేరును లాగితే పైతొడుగు జారిపోయి లోపలి దారం మాత్రం మిగులుతుంది. ఇది పిథియం, ఫైటోఫ్తోరా వంటి వాటి పని. కాండం నీరుకారి దుర్వాసన వేస్తే బాక్టీరియా చేరిందని అర్థం.

కుళ్ళిన కణజాలాన్ని ఏ మందూ తిరిగి బతికించలేదు. కాబట్టి కత్తే మొదటి చికిత్స. కాండాన్ని కుళ్ళుకు పైభాగంలో కోయండి. కోసిన చోట గోధుమరంగు వలయం కనిపిస్తే ఇంకా పైకి వెళ్ళండి. ప్రతి కోతకూ కత్తిని స్పిరిట్‌తో తుడవాలి. మిగిలిన ముక్కను నీడలో వారం రోజులు ఆరనిచ్చి, గాయం పొరకట్టిన తరువాత ఇసుక ఎక్కువగా కలిపిన పొడి మట్టిలో నాటండి. నాటిన వెంటనే నీళ్ళు పోయాలన్న తొందరను అణచుకోవాలి. బ్రహ్మజెముడు జాతి మొక్కలను కోసేటప్పుడు చేతి తొడుగులు వేసుకోండి. వాటి పాలు చర్మానికీ, కళ్ళకూ హాని చేస్తాయి.

చీడల్లో పిండినల్లి ముఖ్యమైనది. ఆకుల సందుల్లో దూదిలా కనిపించే ఈ కీటకం పోషక కణజాలం నుంచి రసం పీలుస్తుంది. కుండీ చుట్టూ చీమల బారు కనిపిస్తే ఆకుల సందులు వెతకండి. పిండినల్లి విసర్జించే తీపి ద్రవం కోసమే చీమలు వస్తాయి. దీన్ని తేలికగా తీసుకోకూడదు. దక్షిణ భారతదేశంలో భూములను ఆక్రమించిన నాగజెముడును అణచడానికి 1926లో అప్పటి సిలోన్ నుంచి తెచ్చిన కాచినీల్ పురుగు దీనికి దగ్గరి బంధువే. గట్టి ముళ్ళ మొక్కను రసం పీల్చే చిన్న పురుగు నేలకూల్చింది.

దీని ఒంటిమీది మైనపు పూత నీటిని అంటనివ్వదు. అందువల్ల ఉత్త నీళ్ళు చల్లితే లాభం లేదు. దూదిని సర్జికల్ స్పిరిట్‌లో ముంచి ఒక్కొక్క పురుగునూ తుడవాలి. ఒకసారి తుడిచి ఊరుకోకండి, గుడ్లు మిగిలిపోతాయి. వారానికొకసారి చొప్పున మూడు, నాలుగు వారాలు చేయాలి. ఎక్కువగా ఉంటే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. ఎండలో నూనె పడితే ఆకులు కాలిపోతాయి. ఆకుల మీద బూడిదలాంటి సహజమైన పూత ఉన్న మొక్కలకు ఈ పిచికారీ వద్దు. ఆ పూత పోతే అదే ఆకు మీద మళ్ళీ రాదు. పైన ఏమీ కనిపించకపోయినా మొక్క ఎదగడం ఆగితే వేర్లను చూడండి. వేరు పిండినల్లి కుండీ లోపలి గోడలకు తెల్లని పొడిలా అంటుకుని ఉంటుంది. మట్టి మొత్తం పారేసి, వేర్లు కడిగి ఆరబెట్టి, కొత్త మట్టిలో నాటాలి.

వేసవిలో లేత భాగాలు కంచురంగుకు తిరిగి, సన్నని గూడు కనిపిస్తే అది ఎర్రనల్లి. దీనికి ఎనిమిది కాళ్ళుంటాయి; ఇది కీటకం కాదు. అందువల్ల చాలా కీటకనాశినులు దీనిమీద పనిచేయవు. నల్లినాశిని అని సీసాపై ఉన్నదే వాడాలి. జెల్ కోసం కోసుకునే కలబందపై మాత్రం ఇమిడాక్లోప్రిడ్ వంటి అంతర్వాహిక మందులు వాడకండి. అవి ఆకు లోపలికి చేరతాయి. ఆ మొక్కకు స్పిరిట్, దూది, కాస్త ఓపిక చాలు.