పని నేర్పు పుస్తకములు

పుస్తకము చదివి ఈత నేర్చినవాడు ఎవడైన కలడా యని గ్రామములలో పెద్దలు నవ్వుచు అడుగుచుందురు. ఆ మాటలో నిజము లేకపోలేదు. నీటిలో దిగనిదే ఈత రాదు. కాని దిగిన పిమ్మట చేయి ఎట్లు చాపవలెనో, ఊపిరి ఎప్పుడు పీల్చవలెనో చెప్పువాడొకడు గట్టుమీద నున్నచో నేర్చుట సులభమగును గదా! పని నేర్పు పుస్తకము ఆ గట్టుమీది మనిషి వంటిది. అది మనకు బదులుగా ఈదదు.

కుట్టుపని, తేనెటీగల పెంపకము, పంపుసెట్ల మరమ్మతు, జంతువుల బొమ్మలు గీయుట, సభ నడుపుట మొదలగు వానిని నేర్పు పుస్తకములు నేడు పెక్కు లభించుచున్నవి. డ్యూయీ దశాంశ పద్ధతి ననుసరించు గ్రంథాలయములలో వీనిని వెదకుట కష్టము కాదు. అమెరికా దేశీయుడైన మెల్విల్ డ్యూయీ 1876లో ప్రకటించిన ఈ పద్ధతిలో 630 వ్యవసాయమునకు, 636 పశుపోషణకు, 638 తేనెటీగలకును పట్టుపురుగులకును, 646 కుట్టుపనికి, 743 బొమ్మలు గీయుటకు గుర్తులు. నాయకత్వము మాత్రము ఒకచోట కుదురుగా నుండదు. కొంత 303 క్రిందను, కొంత 658 క్రిందను చేరియుండును. దానికై గ్రంథపాలకుని అడుగుటయే మేలు.

ఇట్టి పుస్తకములు తెలుగున ఉండవలెనను కోరిక క్రొత్తది కాదు. 1906లో హైదరాబాదులో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, వారి మిత్రులు స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి చరిత్రతో పాటు ప్రకృతి శాస్త్రములను కూడ తెలుగున ప్రకటించినది. 1935లో పాతూరి నాగభూషణముగారు పడవలో పుస్తకముల నుంచి కాలువ వెంబడి గ్రామములకు పంపిరి.

ఇక నేర్చుకొను విధమును చూతము. జంతువుల బొమ్మల పుస్తకములలో పద్ధతి సామాన్యముగ ఒక్కటే. మొదట ఱొమ్మునకు కోడిగ్రుడ్డు ఆకారము నొకదానిని, పిరుదులకు మఱొకదానిని, తలకు చిన్నదానిని గీసి, వానిని వెన్నుగీతతో కలిపి, పిమ్మట కాళ్ళు నిలుపవలెను. కన్నులు, కొమ్ములు తుదకు. క్రొత్తవారు కంటితో ఆరంభింతురు. తల పూర్తియగుసరికి శరీరమునకు కాగితము చాలదు. వెనుకకాలి విషయమునను పెక్కుమంది పొరబడుదురు. వెనుకకు వంగినట్లు కనబడు కీలును మోకాలనుకొందురు. అది నిజముగ మడమ. మోకాలు పైన, పొట్ట దాపున నుండును. ఈ ఒక్క సంగతి తెలిసినచో ఎద్దు, మేక, కుక్క, అన్నిటి కాళ్ళును చక్కబడును.

అయితే ఇట్టి పుస్తకములలో పెక్కు ఇతర దేశములలో వ్రాయబడినవి. వానియందలి ఆవునకు మూపురము లేదు. ఈ వ్యాసకర్త ఒకప్పుడు అట్టి పుస్తకమును ముందుంచుకొని ఒంగోలు గిత్తను గీయగా, ప్రక్కయింటి బాలిక చూచి "ఇది గుఱ్ఱమా, గాడిదా?" యని అడిగినది. పశువులపాక కడకు పోయి చూచినపుడు గదా, మూపురము వెన్ను నడుమ గాక భుజములపై నిలిచియుండుటయు, గంగడోలు మెడనుండి ముంగాళ్ళ నడుమకు మడతలుగ దిగుటయు స్పష్టముగ కనబడినది! పద్ధతిని పుస్తకమునుండి, ఆకారమును పాకనుండి గ్రహింపవలసి వచ్చినది.

కుట్టుపని పుస్తకమును ఒకే బిగిని తుదివఱకు చదివిన ఫలము లేదు. చొక్కాచేతి కొలత చెప్పిన పుటకడ ఆగి, పాత వార్తాపత్రికపై గీసి, కత్తిరించి, తన చేతికి చుట్టి చూచుకొనవలెను. కాగితము చెడిన నష్టము లేదు. బట్ట చెడినచో డబ్బు పోవును. విద్యుత్తు పనులు మాత్రము పుస్తకమొక్కటే నమ్మి ఆరంభింపరాదు. తెలిసిన పనివాడు దగ్గఱ నుండవలెను.

అన్నిటికంటె ముఖ్యమైన జాగ్రత్త యొకటి కలదు. వ్యవసాయ గ్రంథములు తీసినప్పుడు ముందుగ ముద్రణ సంవత్సరమును చూడవలెను. మన గ్రంథాలయముల అలమారులలో ముప్పది, నలుబది యేండ్ల నాటి పుస్తకములు నేటికిని ఉన్నవి. వానిలో పైరులపై డి.డి.టి. చల్లుమని యుండవచ్చును, మన దేశములో వ్యవసాయమున దాని వాడుక 1989లో నిలుపబడినది. ఎండోసల్ఫాన్ అని యుండవచ్చును. దానిని సుప్రీంకోర్టు 2011లో నిషేధించినది. నేల దున్నుట, ఎరువు కుళ్ళబెట్టుట గుఱించి ఆ పుస్తకములు చెప్పినది నేటికిని పనికివచ్చును. మందుల పేర్లు, మోతాదులు మాత్రము వ్యవసాయాధికారిని అడుగక వాడరాదు.

నాయకత్వపు పుస్తకములలో చాలవఱకు పెద్ద కంపెనీల అధికారులకై వ్రాసినవి. మన పనికి కొన్ని అధ్యాయములే వచ్చును. సభకు కార్యక్రమము ముందుగ వ్రాసికొనుట, మాటాడనివారిని పేరు పెట్టి అడుగుట, తీర్మానమును అక్కడనే చదివి వినిపించుట వంటివి అట్టివి. నేడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పంచాయతీలలో సగము స్థానములు స్త్రీలకు కేటాయింపబడినవి. తొలిసారి ఎన్నికైన సోదరి, సభకు ముందటి రాత్రి తాను చెప్పదలచిన నాలుగు మాటలను ఇంటిలో బిగ్గరగ చదువుకొన్నచో, మఱునాడు ఆమె మాటను మఱొకరు అందుకొని చెప్పుటకు అవకాశముండదు.

మీ గ్రంథాలయమున ఇట్టి పుస్తకములు లేకున్నచో అడుగుటకు సంకోచింప నక్కఱలేదు. 1960 నాటి గ్రంథాలయ చట్టము ననుసరించి ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కూడ మీరు చెల్లించుచునే యున్నారు. సూచనల పుస్తకమున గ్రంథము పేరు వ్రాయవచ్చును. పేరు తెలియకున్నచో, నేర్వదలచిన పని పేరు వ్రాసినను చాలును.